స్లాబు సెగకు కొలత ఉంది.. చిన్న ఇంటికి వర్తించదు
ఇంధన పొదుపు భవన నియమావళితో ఎవరికి మేలు?

కర్నూలు: వేసవిలో రాత్రి పదకొండు గంటలైనా గదిలో పడుకోలేక చాప, దిండు పట్టుకొని జనం మిద్దెపైకి చేరడం రాయలసీమ పల్లెల్లో, పట్టణ శివారు కాలనీల్లో ఏటా కనిపించే దృశ్యమే. పగలంతా 42, 43 డిగ్రీల ఎండకు కాగిన కాంక్రీటు సూర్యాస్తమయం తరువాత ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫ్యాను తిరిగితే వచ్చేది వేడి గాలే. స్తోమత ఉన్నవారు ఏసీ కొంటున్నారు. లేనివారు కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టుకుంటున్నారు. ఈ కష్టానికి ఎండను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. ఇల్లు కట్టిన తీరుకూ ఇందులో వాటా ఉంది.

ఆ తీరు ఎలా ఉండాలో చెప్పే నియమావళి దేశంలో లేకపోలేదు. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద వాణిజ్య భవనాల కోసం 2007లో కేంద్రం ఇంధన పొదుపు భవన నియమావళిని విడుదల చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 ఆరంభంలో దానిని స్వీకరిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. నివాస గృహాలకు మాత్రం 2018 డిసెంబరు వరకు ఆగవలసి వచ్చింది. అప్పుడు వెలువడిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలు, కిటికీలు, పైకప్పు ద్వారా ఇంట్లోకి ఎంత వేడి రావచ్చో అంకెలతో సహా నిర్దేశించింది. చలి ప్రాంతాలు మినహా మిగతాచోట్ల గోడలు, కిటికీల ద్వారా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటరాదు. పైకప్పు విషయంలో ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దిగరాదు.

హీటరు కింద కాపురం

ఈ 1.2 అనే అంకె సామాన్యుడికి కొరుకుడు పడదు. మన మేస్త్రీలు పోసే ఐదంగుళాల స్లాబుతో పోల్చితే సంగతి తేటపడుతుంది. పైన ఏ పూతా, పలకా లేని స్లాబు ద్వారా దిగే వేడి ఇదే కొలతలో సుమారు 3.5. అంటే నియమావళి అనుమతించిన దానికి దాదాపు మూడు రెట్లు. పేదల గృహ పథకాల్లో కట్టే 340 చదరపు అడుగుల ఇంటినే తీసుకుంటే పైకప్పు సుమారు 32 చదరపు మీటర్లు. మిట్ట మధ్యాహ్నం స్లాబు పైభాగం గదికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే లోపలికి దిగే వేడి రెండు వేల వాట్లు దాటుతుంది. నీళ్లు కాచుకునే పెద్ద హీటరును నడినెత్తిన వేలాడదీసుకొని కాపురం చేయడమే ఇది. నియమావళి ప్రకారం కట్టిన పైకప్పు కింద అదే వేడి 770 వాట్లకు లోబడి ఉంటుంది.

గోడల సంగతీ అంతే. మట్టి ఇటుకతో తొమ్మిదంగుళాల గోడ కట్టినా వేడిని ఆపగలిగేది కొంతవరకే. బూడిద ఇటుక చల్లగా ఉంటుందన్న మాట తరచూ వినిపిస్తుంది కాని వేడిని ఆపడంలో దానికి, మట్టి ఇటుకకు పెద్దగా తేడా లేదు. బూడిద ఇటుక వల్ల సారవంతమైన మట్టి మిగులుతుంది, థర్మల్ కేంద్రాల బూడిద వినియోగంలోకి వస్తుంది. ఆ మేలు వేరు. నిండా గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ దిమ్మెలు మట్టి ఇటుకకంటే నాలుగైదు రెట్లు మెరుగ్గా వేడిని అడ్డుకుంటాయి.

రాయలసీమ పెద్దలకు ఈ శాస్త్రం కొత్త కాదు. రెండడుగుల రాతి గోడలు, దూలాలపై బండలో కట్టెలో పరచి ఆపైన మందంగా చవుడు మట్టి పోసిన మిద్దెలు నడివేసవిలోనూ చల్లగానే ఉండేవి. అలాగని వాటికి లోపాలు లేవని చెప్పలేము. వానకు కారడం, ఏళ్లు గడిచేకొద్దీ చవుడు మళ్లీ పోయించుకోవలసి రావడం, ముసురు పట్టినప్పుడు గోడలు కూలడం తెలిసినవే. జనం స్లాబుకు మారడానికి కారణం ఉంది. అయితే చవుడు మిద్దెతోపాటు చల్లదనాన్నీ వదులుకోవలసిన పని లేకపోయింది.

బిల్లులో తేడా

ఇంటి యజమానికి ఇది సుఖం వరకే పరిమితమైన విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 ధరల పట్టిక ప్రకారం గృహ వినియోగానికి తొలి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పున, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75 చొప్పున వసూలు చేస్తారు. మే నెలలో 300 యూనిట్లు కాల్చిన ఇంటికి స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాట్లు కాకుండానే రూ.1,673 అవుతుంది. అదే ఇల్లు 225 యూనిట్లతో సరిపెట్టుకోగలిగితే రూ.1,017. వినియోగం నాలుగో వంతు తగ్గితే ఛార్జీ దాదాపు రెండు వంతులు, అంటే అయిదింట రెండు వంతులు తగ్గుతుంది. ఈ 75 యూనిట్లు టన్నున్నర ఏసీ రోజుకు రెండు గంటలు తక్కువ నడిస్తే మిగిలేవే. పైకప్పు సెగ తగ్గిన ఇంట్లో అది సాధ్యమే.

పాత ఫ్యాను తీసి తక్కువ కరెంటు వాడే ఫ్యాను రేపైనా బిగించుకోవచ్చు. పడమటి గోడ మందం, కిటికీ స్థానం, సజ్జా పొడవు ఒకసారి కట్టిన తరువాత మార్చడం కష్టం. ఇల్లు నిలిచి ఉండే 40, 50 ఏళ్లూ ఆ పొరపాటుకు నెలనెలా వాయిదా కట్టవలసిందే.

వీధికీ బాధ్యత

ఒక వీధిలో ఏసీలు పెరిగితే ఆ భారం ట్రాన్స్‌ఫార్మరుపై పడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక లోవోల్టేజీ, ఫ్యూజు పోవడం, అటుపై గంటల తరబడి చీకటి. ఏసీ లేని ఇంటివారూ ఈ శిక్షలో భాగస్థులే. సౌర విద్యుత్తు అందని సాయంత్రం వేళల్లో డిమాండు తీరేందుకు పంపిణీ సంస్థలు బహిరంగ మార్కెట్లో అధిక ధరకు కరెంటు కొంటాయి. ఆ ఖర్చు తరువాత ఇంధన, విద్యుత్ కొనుగోలు సర్దుబాటు పేరుతో అందరి బిల్లుల్లోకీ చేరుతుంది.

ఆరోగ్యం సంగతి ఇంతకంటే తీవ్రమైనది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా బలి కాగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. వడదెబ్బ పొలంలో, రోడ్డుపైన మాత్రమే తగులుతుందనుకోరాదు. రాత్రివేళ కూడా శరీరం చల్లబడే అవకాశం లేకపోతే వృద్ధులు, బాలింతలు, పసిపిల్లలు ఇంట్లోనే ప్రమాదంలో పడతారు.

పన్నెండు సెంట్లుంటేనే..

చిక్కు ఇక్కడే ఉంది. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లోని నివాస భవనాలను ఉద్దేశించినది. మన లెక్కలో అది పన్నెండు సెంట్ల పైమాట. 2020లో పంపిణీ చేసిన ఇళ్ల స్థలాలు పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర. 2024లో వచ్చిన ప్రభుత్వం వీటిని రెండు, మూడు సెంట్లకు పెంచాలని నిర్ణయించినా సంహిత గీటుకు నాలుగో వంతుకు చేరలేదు. తెలంగాణ 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానంలోనూ ప్రైవేటు నివాసాలకు 600 చదరపు గజాలు దాటితేనే నిర్బంధం, మిగతావారికి ఐచ్ఛికం. ఏసీ కొనగలిగినవాడి ఇంటికి నిబంధన, కొనలేనివాడి ఇంటికి మినహాయింపు అన్నట్లు తయారైంది. చిన్న ఇంటివారిని అనుమతుల పేరిట కార్యాలయాల చుట్టూ తిప్పకూడదన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కాని ప్రభుత్వమే నమూనా గీసి, అంచనా వేసి, వేల సంఖ్యలో కట్టించే ఇళ్లకు ఆ వాదన వర్తించదు. అక్కడ తిరగవలసింది లబ్ధిదారు కాదు, ఇంజినీరు.

2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించినప్పుడు నివాస భవనాలనూ నియమావళి పరిధిలోకి తెచ్చారు. అనుసంధాన లోడు 100 కిలోవాట్లు లేదా ఒప్పంద డిమాండు 120 కేవీఏ ఉన్న భవనాలకే ఇది వర్తిస్తుంది. మామూలు ఇంటి లోడు రెండు, మూడు కిలోవాట్లు. అయితే ఆ పరిమితిని తగ్గించే అధికారాన్ని చట్టం రాష్ట్రాలకే ఇచ్చింది.

ఆ లోగా ఇల్లు కట్టుకునేవారు స్వచ్ఛందంగా పాటించదగినవి కొన్ని ఉన్నాయి. స్లాబుపై తెల్లని, ఎండను తిప్పికొట్టే పూత గానీ తెల్ల పెంకు ముక్కల పరుపు గానీ వేయించుకోవచ్చు. పూత మాసిపోతే గుణం తగ్గుతుంది కనుక ఏటా వేసవికి ముందు కడగాలి. పడమర వైపు పెద్ద కిటికీ మానుకోవాలి, తప్పనిసరైతే లోతైన సజ్జా దింపాలి. గాలి కోసం తెరుచుకునే కిటికీలు, తలుపుల భాగం నేల విస్తీర్ణంలో పదో వంతు నుంచి ఆరో వంతు వరకు, ఆ ప్రాంత వాతావరణాన్ని బట్టి, ఉండాలని సంహిత చెబుతోంది. స్థలం కలిసివస్తుందని పక్కింటి గోడకు ఆనించి కట్టే మన కాలనీల్లో ఈ ఒక్క నిబంధనకే ముందుగా నీళ్లొదులుతున్నారు.

ప్రస్తుతం చిన్న ఇంటి ప్లానుకు దరఖాస్తు చేస్తే రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ వదిలిన ఖాళీ ఎంత, ఇంకుడు గుంత ఉందా అని చూస్తారు. పైకప్పు గురించి అడిగే గడి ఆ దరఖాస్తులో కనిపించదు.