పన్ను తగ్గింది సరే, పొదుపు మాటేమిటి?

కొన్నేళ్ల కిందటి వరకు జనవరి వచ్చిందంటే ఉద్యోగులకు ఒకటే హడావుడి. పెట్టుబడుల రుజువులు ఇవ్వాలని అకౌంట్స్ విభాగం అడిగేది. గడువు ముంచుకొచ్చాక చాలామంది కనిపించిన బీమా పాలసీనల్లా కొనేసేవారు. ఎంపిక ఎలా ఉన్నా, ఆదాయపు పన్నులో 80సీ సెక్షన్ మినహాయింపు పుణ్యమా అని ఏటా లక్షన్నర వరకు వృద్ధాప్యం కోసం పక్కకు వెళ్లేది.

ఇప్పుడు ఆ ఒత్తిడి లేదు. 2020 బడ్జెట్‌లో ప్రకటించిన కొత్త పన్ను విధానమే 2023-24 నుంచి అందరికీ మొదటి మార్గమైంది. పాతది కావాలంటే మనమే కోరి ఎంచుకోవాలి. 2025 బడ్జెట్ కొత్త విధానంలో రూ.12 లక్షల వరకు ఆదాయంపై పన్ను లేకుండా చేసింది. రూ.75 వేల ప్రామాణిక తగ్గింపు కలిపితే వేతన జీవులకు ఆ పరిమితి రూ.12.75 లక్షలు. మధ్యతరగతికి ఇది నిజమైన ఊరట. అయితే కొత్త విధానంలో 80సీ లేదు. జాతీయ పెన్షన్ పథకం (ఎన్‌పీఎస్)లో సొంతంగా కట్టే సొమ్ముపై రూ.50 వేల అదనపు మినహాయింపూ లేదు. చేతిలో మిగిలిన డబ్బును దాచుకోవాలన్న పట్టుదల ఇక మనదే కావాలి.

ప్రైవేటు ఉద్యోగికి ఆ పట్టుదల ఎందుకు అవసరమో ఒక్క లెక్క చాలు. ఉద్యోగుల పెన్షన్ పథకంలో రూ.15 వేల వేతన పరిమితి మీద 35 ఏళ్లు పనిచేసినా నెలకు రూ.8 వేలు దాటి రాదు. ఈరోజు నెలకు రూ.30 వేలతో గడిచే ఇంటికి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే, పాతికేళ్ల తర్వాత సుమారు రూ.1.29 లక్షలు కావాలి. ఈ తేడాను పూడ్చేది సొంత పొదుపే.

కొత్త విధానంలోనూ ఒక వెసులుబాటు మిగిలింది. యజమాని ఎన్‌పీఎస్‌లో జమచేసే సొమ్ముకు మూలవేతనం, డీఏలపై 14 శాతం వరకు మినహాయింపు ఉంది. ఆ రెండూ కలిపి నెలకు రూ.50 వేలున్న ఉద్యోగికి ఏడాదికి రూ.84 వేలు ఇలా చేరతాయి. 15 శాతం శ్లాబులో ఉంటే సెస్సు కాక రూ.12,600 పన్ను ఆదా. జీతం ఖరారయ్యేటప్పుడే దీని గురించి అడగాలి. చాలామంది అడగరు.

మరి యజమాని లేనివారి సంగతి? అంతే ఆదాయమున్న మెడికల్ షాపు యజమాని ఎన్‌పీఎస్‌లో అంతే కట్టినా కొత్త విధానంలో రూపాయి మినహాయింపు రాదు. ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబరు నుంచి అటల్ పెన్షన్ యోజన తలుపులూ మూసేశారు. పెన్షన్ అండ అసలే లేని స్వయం ఉపాధివారికే ప్రోత్సాహమూ లేకపోవడం అన్యాయం. వారు స్వయంగా కట్టే సొమ్ముకూ ఒక పరిమితి వరకు మినహాయింపు ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ ఖాళీ చేసే అలవాటు మానాలి. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను పడుతుంది, చక్రవడ్డీ బలమూ పోతుంది. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకుంటే పన్ను తప్పుతుంది, చక్రవడ్డీ బలమూ నిలుస్తుంది. కట్టేటప్పటి మినహాయింపు ఒక్కటే చూస్తే చాలదు, తీసుకునేటప్పటి పన్నూ చూడాలి. పీపీఎఫ్ వడ్డీపై ఇప్పటికీ పన్ను లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్, సీనియర్ సిటిజన్ పథకాల వడ్డీ, యాన్యుటీ పెన్షన్ మాత్రం ఆదాయం కిందే లెక్క. ఇంటి రుణం వంటి పెద్ద మినహాయింపులున్నవారు రెండు విధానాల్లోనూ పన్ను లెక్కేసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

పన్ను తగ్గి మిగిలిన సొమ్ములో కనీసం సగం, జీతం పడిన రోజే బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే పొదుపులోకి వెళ్లేలా ఏర్పాటు చేసుకోవాలి. ఖర్చులు పోగా మిగిలింది దాచుకుందామంటే చాలా ఇళ్లలో మిగిలేది ఏమీ ఉండదు.