ముందు ఏరియల్, తరువాతే సెట్టు

గంభీరావుపేట మండల ప్రజలకు మానేరు వరమూ అవుతుంది, భయమూ అవుతుంది. నర్మాల వద్ద ఎగువ మానేరు నిండితే రైతు గుండె నిండుతుంది. అదే ప్రాజెక్టు పొంగి పొర్లితే వాగు అవతలి వారు అవతల, ఇవతలి వారు ఇవతల నిలిచిపోతారు. 2025 ఆగస్టు 27న కురిసిన కుండపోతకు నర్మాల వద్ద వాగు ఉప్పొంగి రైతులు వరద నడుమ చిక్కుకుపోగా, వారిని గట్టు చేర్చడానికి వైమానిక దళ హెలికాప్టరు రావలసి వచ్చింది. ఆ సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు.

అటువంటి వేళ ముందుగా కావలసింది కబురు. ఎక్కడ ఎందరు చిక్కుకున్నారు, నీరు పెరుగుతున్నదా తగ్గుతున్నదా, పడవ ఏ వైపు నుండి రావాలి అన్న సమాచారం చేరనిదే ఏ సహాయమూ కదలదు. నేడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోను ఉన్నది, నిజమే. కాని ఆ ఫోను పలకాలంటే టవరు నిలవాలి, టవరుకు కరెంటు అందాలి, దానిని మిగిలిన లోకంతో కలిపే కేబుల్ తెగకుండా ఉండాలి. కరెంటు లేని టవరు బ్యాటరీ మీదనో జనరేటరు మీదనో కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. ఆ పైన ఏమిటన్న ప్రశ్నకు ప్రపంచమంతటా ఉన్న పాత సమాధానం హామ్ రేడియో. లైసెన్సు పొందిన ఔత్సాహికులు నడుపుకునే ఈ స్టేషనుకు నడుమ టవరు అక్కరలేదు. ఇటు ఒక సెట్టు, అటు ఒక సెట్టు ఉంటే చాలు.

ఇది ఊహ కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్ళింది. దేశదేశాల ఔత్సాహికులతో మాట్లాడడం వారు పెట్టుకున్న పని. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడింది. సరదాకు తీసుకుపోయిన ఆ సెట్లే పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రధాన భూభాగానికి క్షేమ సమాచారాలు మోశాయి. సెట్టు ఉండడం ఒక్కటే కాదు, దానిని వాడే అలవాటు ఉన్న చేతులు అక్కడ ఉండడం వల్లనే అది సాధ్యమైంది.

ఇంతవరకు ఎవరూ కాదనరు. చిక్కు వచ్చేది డబ్బు దగ్గర. హామ్ రేడియో అనగానే విదేశీ సెట్టు, పెద్ద ఇనుప టవరు, లక్షల ఖర్చు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. చిన్న సెట్టుతో మొదలుపెట్టిన కుర్రవాడు కూడా కొంత డబ్బు చేతికి రాగానే ఇంకా పెద్ద సెట్టు వైపే చూస్తాడు. పరిమితమైన డబ్బుతో స్టేషనును బాగు చేసుకోదలచిన వారు చేసే పెద్ద పొరపాటు ఇదే. డబ్బు తక్కువగా ఉన్న చోట మొదటి రూపాయి ఏరియల్‌కు, రెండవది కేబుల్‌కు, మూడవది బ్యాటరీకి పోవాలి. సెట్టు వంతు ఆ తరువాతనే.

వాట్ల మోజు

కారణం లెక్కలోనే ఉన్నది. 25 వాట్ల సెట్టును తీసివేసి 100 వాట్ల సెట్టు పెడితే శక్తి నాలుగు రెట్లవుతుంది. కాని అవతలి సెట్టు మీద బలం చూపే ముల్లు జరిగేది ఒక్క గీతే. ఆ ఒక్క గీత కోసం వేల రూపాయలు పోయాలి. పైగా పెద్ద సెట్టు మన గొంతును పెంచుతుందే గాని మన చెవిని పెంచదు. మంచి ఏరియల్ రెండింటినీ పెంచుతుంది.

గంభీరావుపేట నుండి జిల్లా కేంద్రమైన సిరిసిల్లకు పక్షి ఎగిరే దారిన సుమారు 26 కిలోమీటర్లు. 144 నుండి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే వి.హెచ్.ఎఫ్. తరంగాలు దాదాపు కంటిచూపు లాగా తిన్నగా పోతాయి. భూమి గుండ్రదనం వాటికి అడ్డు. రెండు వైపులా ఏరియల్ నేల నుండి 3 మీటర్ల ఎత్తున ఉంటే సమతల నేల మీద వాటి పరిధి 14 కిలోమీటర్లు. రెండింటినీ 10 మీటర్లకు లేపితే అది 26 కిలోమీటర్లవుతుంది. గంభీరావుపేటకూ సిరిసిల్లకూ మధ్య ఉన్న దూరం సరిగ్గా అంతే. నడుమ గుట్ట అడ్డు వస్తే మరికొంత ఎత్తు కావాలి. రెండంతస్తుల మేడ మీద ఒక ఇనుప గొట్టం నిలబెడితే వచ్చే ఫలితం, ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన పెద్ద సెట్టుకు రాదు. ఇక ఆ గొట్టం కొసన ఉండవలసిన కడ్డీ పొడవు అర మీటరే. కింద పరచినట్టు మరి నాలుగు కడ్డీలు అమరిస్తే ఏరియల్ సిద్ధమైనట్టే. వెల్డింగు షాపులో పూటలో అయ్యే పని.

హైదరాబాదుతో మాట్లాడాలంటే దారి వేరు. వంద కిలోమీటర్ల దూరాన్ని వి.హెచ్.ఎఫ్. నేరుగా దాటలేదు. దానికి 7 మెగాహెర్ట్జ్ బ్యాండు కావాలి. ఇక్కడ పేదవాడికి అనుకూలమైన విశేషం ఒకటి ఉన్నది. ఇరువైపులా పది మీటర్ల చొప్పున రాగితీగను అయిదారు మీటర్ల ఎత్తున రెండు వేపచెట్ల నడుమ కడితే, తరంగం నిటారుగా పైకి పోయి, ఆకాశపు పొరను తాకి, గొడుగు కప్పినట్టు చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగటి పూట కరీంనగర్, నిజామాబాదు, హైదరాబాదు అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. ఇందుకు టవరు అక్కరలేదు. రాత్రివేళ ఈ బ్యాండు దగ్గరి ఊళ్ళను వదిలి దూరానికి పోవడం కద్దు. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్‌కు మారాలి. దానికి తీగ పొడవు రెట్టింపు చేస్తే చాలు.

ఈ తీగలు కరెంటు లైన్లకు దూరంగా ఉండాలన్నది మాత్రం ఎవరూ పెడచెవిని పెట్టరాదు. తెగిపడిన ఏరియల్ కరెంటు తీగ మీద పడితే పోయేది సెట్టు కాదు, ప్రాణం. ఉరుములు మెరుపులు మొదలు కాగానే కేబుల్‌ను సెట్టు నుండి ఊడదీసి బయటనే ఉంచాలి.

డిష్ కేబుల్ చేసే మేలు

ఏరియల్‌ను ఎంత పైకి లేపినా, సెట్టు నుండి అక్కడికి శక్తిని మోసే కేబుల్ నాసిరకమైతే శ్రమ వృథా. మార్కెట్టులో చవకగా దొరికే ఆర్.జి.58 అనే సన్నని కేబుల్ 30 మీటర్లు వాడితే, వి.హెచ్.ఎఫ్.లో సెట్టు ఇచ్చిన శక్తిలో దాదాపు నాలుగో వంతే పైకి చేరుతుంది. 25 వాట్లు పంపితే 6 వాట్లు. మిగిలినదంతా కేబుల్‌లోనే వేడిగా పోతుంది. సూత్రం మీద ఖర్చు పెట్టి, చిల్లు బొక్కెనతో నీళ్ళు తోడడమంటే ఇదే.

దీనికి విరుగుడుగా ఖరీదైన విదేశీ కేబుల్ కొననక్కరలేదు. ఊరూరా ఇంటింటికీ డిష్ టీవీ కోసం వేసిన ఆర్.జి.6 కేబుల్ అదే పొడవుకు సగానికి పైగా శక్తిని పైకి చేరుస్తుంది. దాని గుణం 75 ఓములనీ, సెట్టు కోరేది 50 ఓములనీ పుస్తకం చదివినవారు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ తేడా వల్ల కలిగే నష్టం స్వల్పం. నడుమ తెంపి కట్టిన తీగ ఏరియల్‌కు 75 ఓములు మరింత దగ్గర కూడా. కనెక్టరును గట్టిగా బిగించి, అతుకు మీద వాన నీరు దిగకుండా రబ్బరు టేపు చుట్టడమే ముఖ్యం. కేబుల్‌లోకి దిగిన నీరు ఒక్క వానాకాలంలోనే దానిని పనికి రాకుండా చేస్తుంది.

ఇక బ్యాటరీ. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు తాగుతుంది, ఊరికే వింటున్నా ఆంపియరు పైన లాగుతుంది. అయిదారు వాట్ల సెట్టుకు మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్లు, వినడానికి అర ఆంపియరు చాలు. 75 ఆంపియర్-అవర్ల ట్రాక్టరు బ్యాటరీలో సగం మాత్రమే వాడుకున్నా, పదింట ఒక వంతు సమయం మాట్లాడే లెక్కన చిన్న సెట్టు 50 గంటల పైన నడుస్తుంది. పెద్ద సెట్టు పన్నెండు గంటలకే మూగబోతుంది. కరెంటు లేని రెండు రోజుల్లో ఏది ఆదుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. దానికి ఒక చిన్న సోలార్ పలక తోడైతే బెంగ ఉండదు.

మరో ఖర్చు లేని మెరుగుదల ఉన్నది. సిరిసిల్ల వంటి చోట సాంచెల మోటార్లు, ఎక్కడైనా చవక ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు రేడియోలో రొద పుట్టిస్తాయి. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీద సెట్టు విని, తిరిగి ఒక్కొక్క వస్తువునూ వేసి చూస్తే దొంగ ఎవరో దొరుకుతాడు. దానిని మార్చడమో, ఏరియల్‌ను ఇంటికి ఎడంగా జరపడమో చేస్తే అంతవరకు వినపడని స్టేషన్లు వినవస్తాయి.

నల్లా వాషరుతో సెట్టు

ఇవన్నీ అయిన తరువాత సెట్టు సంగతి. ఇక్కడ కూడా దారి చూపినవాడు మన రాష్ట్రం వాడే. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ 2000ల తొలి ఏళ్ళలో బిట్‌ఎక్స్ అనే సెట్టు నమూనాను తయారు చేసి, ఎవరైనా కట్టుకోవచ్చునని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు. దాని శక్తి 6 వాట్లు. పంపడానికీ వినడానికీ ఒకే యాంప్లిఫయర్లు రెండు వైపులా పనిచేసేలా అమర్చడంతో విడిభాగాలు బాగా తగ్గాయి. కాయిళ్ళు చుట్టడానికి విదేశీ రింగులు దొరకని చోట నల్లాలో వేసే ప్లాస్టిక్ వాషరు మీద చుట్టుకోవచ్చునన్నారు. ఆ సెట్టును దేశదేశాల్లో ఎందరో కట్టుకున్నారు. 2016లో బిట్‌ఎక్స్ 40 పేరుతో తయారైన బోర్డు 59 డాలర్లకే, 2017 చివర అనేక బ్యాండ్ల మీద పనిచేసే మైక్రో బిట్‌ఎక్స్ 109 డాలర్లకు అమ్ముడుపోయాయి. అవి హైదరాబాదులో స్త్రీల బృందం చేతుల మీదుగా తయారైనవి కావడం గమనించదగిన విషయం.

లేమి నుండి పుట్టిన ఈ తెలివి గంభీరావుపేటకు కొత్త కాదు. కాలిపోయిన బోరు మోటారును విప్పి, లెక్క తప్పకుండా రాగితీగ చుట్టి తిరిగి నడిపించే మెకానిక్కులు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నారు. అటువంటి చేతికి రేడియో కాయిల్ చుట్టడం కష్టం కాదు. టీవీ మెకానిక్కుకు టంకం పెట్టడం ఒకరు నేర్పనక్కరలేదు. లేనిది నైపుణ్యం కాదు, దానిని ఈ పనికి పిలిచేవారు.

బడి మీద స్టేషను

పిలవవలసిన చోటు కూడా కళ్ళ ముందే ఉన్నది. అంగన్‌వాడీ నుండి పై చదువుల దాకా ఒకే ఆవరణలో ఉండాలని గంభీరావుపేటలో నిర్మించిన కేజీ టు పీజీ విద్యా ప్రాంగణం 2023 ఫిబ్రవరి 1న ప్రారంభమైంది. ఎత్తైన కప్పు, ఆవరణ, భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు, వందలాది విద్యార్థులు ఒకే చోట ఉన్నారు. హామ్ పరీక్షను 12 ఏళ్ళు నిండిన విద్యార్థి సైతం రాయవచ్చు. లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం. లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో కొన్న చేతి సెట్టుతో మాట్లాడడం నేరం. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి సరైన దారిన పెట్టడం పెద్దల బాధ్యత.

పోలీసు వైర్‌లెస్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారుంటారు. పోలీసు వైర్‌లెస్ పోలీసుల పనికి. వరద రోజున దాని మీద ఉండే ఒత్తిడి తక్కువేమీ కాదు. పక్కన మరో దారి ఉంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. అదీగాక, వరద ఏడాదికొకసారి వచ్చినా రాకపోయినా, తీగ పొడవు కొలిచి, బ్యాటరీ లెక్క వేసి, తన చేతితో కట్టిన సెట్టు మీద హైదరాబాదు గొంతు విన్న విద్యార్థికి భౌతికశాస్త్రం పుస్తకంలో మిగలదు.

ఒక్క హెచ్చరిక చేయక తప్పదు. నిధులు మంజూరయ్యాయని మెరిసే సెట్టు ఒకటి కొని, రిబ్బను కత్తిరించి, బీరువాలో పెట్టి తాళం వేస్తే అది ఎందుకూ కొరగాదు. వారానికొక రోజు, నిర్ణీత వేళకు, గంభీరావుపేట నుండి సిరిసిల్లకు, సిరిసిల్ల నుండి కరీంనగర్‌కు పలకరింపులు జరగాలి. నెలకొకసారి మెయిన్ స్విచ్ ఆపి బ్యాటరీ మీదనే మాట్లాడి చూడాలి. తప్పులు వాన లేని రోజున బయటపడితేనే మేలు.

కాబట్టి జిల్లా అధికారులు, విద్యాశాఖ, గ్రామ పెద్దలు ఈ విషయమై ఆలోచించవలసి ఉన్నది. అడుగుతున్నది లక్షలు కాదు. ఒక ఇనుప గొట్టం, కొంత రాగితీగ, డిష్ కేబుల్, ఒక ట్రాక్టరు బ్యాటరీ, చేతితో కట్టిన చిన్న సెట్టు, దాని ముందు కూర్చునే నలుగురు లైసెన్సుదారులు. వచ్చే వానాకాలానికి ముందే ఈ పని జరిగితే, మానేరు మళ్ళీ దారులు మూసిన రోజున కబురుకు ఒక దారి మిగిలి ఉంటుంది.