ట్రాముబొమ్మ వయస్సును తెలిసికొనుట

పాత పెట్టెలను దులుపునపుడు రేకుతో చేసిన ట్రాముబండి బొమ్మ యొకటి బయటపడుట కొన్ని యిండ్లలో కలదు. “ఇది తాతగారు తెచ్చినది, నూరేండ్ల నాటిది” అని పెద్దలు చెప్పుదురు. పెద్దలమాట గౌరవింపదగినదే. కాని తరమునుండి తరమునకు చేరునప్పటికి ఆ మాటకు ఏండ్లు పెరుగుచుండును. బొమ్మ మాత్రము తన వయస్సును తన యొడలిమీదనే వ్రాసికొని యుండును. దానిని చదువు విధమును ఈ మాసము సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

మొదట చేయరాని పనిని చెప్పెదము. చింతపండు, బూడిద పెట్టి బొమ్మను తోమరాదు. ఇత్తడి చెంబునకు మేలుచేయు పని రేకుబొమ్మకు చేటగును. దాని రంగులును అక్షరములును రేకుమీద వేసిన పలుచని పొర. ఆ పొర పోయినచో సాక్ష్యమే పోవును. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును.

పిదప బండిని తలక్రిందు చేసి ముద్రను వెదుకవలెను. “మేడిన్ జర్మనీ” యను ముద్ర బ్రిటనులో 1887లో చేసిన సరకుల గుర్తుల చట్టముతో వ్యాప్తికి వచ్చినది. “డి.ఆర్.జి.ఎం.” అను నక్షరములు 1891లో జర్మనీలో ఏర్పడిన నమూనాల నమోదు చట్టమునకు సంబంధించినవి. కావున ఆ ముద్రగల బండి అంతకు ముందుది కానేరదు. “జి.బి.ఎన్.” అనునది న్యూరెంబర్గు నగరమందలి బింగ్ సోదరుల గుర్తు. ఆ కంపెనీ 1930ల తొలినాళ్ళలో మూతపడినది గనుక వారి బండి అంతకు ముందుదే. “యు.ఎస్. జోన్ జర్మనీ” అని యున్నచో అది 1945లో యుద్ధము ముగిసిన తరువాతిది. “ఆక్యుపైడ్ జపాన్” అనునది 1947 మొదలు 1952 వరకు గల కాలపు గుర్తు.

కంపెనీ పేరు తెలిసినచో కొలబద్దయు సాయపడును. న్యూయార్కులో 1900లో వెలసిన లయొనెల్ కంపెనీవారి తొలి బండ్లు 2⅞ అంగుళముల యెడముగల పట్టాలపై నడిచెడివి. 1906లో వారు 2⅛ అంగుళముల పట్టాలను, 1915లో 1¼ అంగుళముల పట్టాలను ప్రవేశపెట్టిరి.

మరమేకులను గూడ చూడవలెను. తలమీద కూడిక గుర్తువంటి గాడిగల మేకులు 1930ల నడిమి కాలమునుండియే వాడుకలోనికి వచ్చినవి. పైకప్పుమీద తీగను తాకు కడ్డీ యున్నచో మరియొక హద్దు దొరకును. అమెరికాలోని రిచ్మండు నగరమున ఫ్రాంక్ స్ప్రేగ్ 1888లో అట్టి ట్రాములను నడిపి చూపిన పిమ్మటనే అవి లోకమున విరివిగా వ్యాపించినవి. మన చెన్నపురిలో విద్యుత్తు ట్రాములు 1895లో మొదలై 1953లో నిలిచిపోయినవి.

ఇన్ని గుర్తులలో దేనిని నమ్మవలెను? అన్నిటికంటె క్రొత్తదానిని. పాత నమూనా ముద్రయు, “యు.ఎస్. జోన్” ముద్రయు ఒకే బండిపై నున్నచో రెండవదే తీర్పు చెప్పును. అయితే చక్రములు, మేకులు మరమ్మతులో మారియుండవచ్చును. కాబట్టి రేకుమీది ముద్రకే పెద్దపీట వేయవలెను.

ఇంత శోధన యేల యని కొందరడుగవచ్చును. 1938లో గతించిన తాతగారు 1945 తరువాతి బొమ్మను తెచ్చియుండజాలరు. తెచ్చినవారు ఏ మేనమామయో, ఏ మేనత్తయో అయి యుందురు. వారి ప్రేమ తాతగారి పేరిట జమకట్టబడి, వారి పేరు ఇంట మరుగుపడినదన్నమాట. తేదీ సరియైనచో ఆ పేరును వెదకి నిలుపవచ్చును. బొమ్మ వయస్సు తగ్గినంతమాత్రమున దాని విలువ తగ్గదు.

కడపట నొక హెచ్చరిక. పాత రంగులలో సీసము కలిసి యుండవచ్చును. ఊడిన పెచ్చులు పసివారి నోట పడినచో హాని కలుగును. కావున అట్టి బొమ్మను ఆటకు ఇయ్యక, అద్దాల బీరువాలో నుంచవలెను. ముద్రయు, కొలతయు, తెచ్చినవారి పేరును ఒక చీటిపై వ్రాసి దాని ప్రక్కన నుంచినచో రాబోవు తరము ఊహతో పనిలేకుండ నిజము నెరుగును.