శివారున వెలసిన జిల్లా కేంద్రం

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు బాపట్లకు కలెక్టరేట్ వచ్చింది. లోక్‌సభ నియోజకవర్గాలను ప్రాతిపదికగా తీసుకున్నారు కాబట్టి తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రేపల్లె బాపట్లతో కలిసింది. అంతకుముందు రేపల్లె, బాపట్ల రెండూ తెనాలి రెవెన్యూ డివిజన్‌లోవే. 2011 లెక్కల్లో తెనాలి జనాభా లక్షా 60 వేలకు పైమాటే. బాపట్లది సుమారు 70 వేలు, రేపల్లెది 50 వేలు. పెద్ద ఊరు పక్కనే ఉండగా చిన్న ఊరికి దక్కిన ఈ పెద్దరికం ఎవరికి అక్కరకు రావాలన్నదే ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం.

ఈ మూడు ఊళ్లను పెంచింది ఆఫీసులు కాదు, కృష్ణ నీళ్లు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టా కాలువ దుగ్గిరాల దాకా వచ్చి అక్కడ పాయలుగా చీలింది. మూడు కాలువలు పారే తెనాలి, రైలు జంక్షన్ కూడా కావడంతో ధాన్యం వ్యాపారానికి కూడలి అయింది. ఆ సంపదే నాటకాన్ని, సాహిత్యాన్ని పోషించింది. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి వంటివారిని ఇచ్చిన ఈ ఊరు ‘ఆంధ్రా ప్యారిస్’ అనిపించుకోవడానికి కలెక్టరేట్ అవసరం పడలేదు.

బాపట్ల తీరు వేరు. ఇసుక నేల, దగ్గర్లోనే సూర్యలంక సముద్రం, ఊరి నడుమ భావనారాయణస్వామి గుడి. 1913లో బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగిందిక్కడే. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చింది. తెలుగువారి కంచాల్లోకి చేరిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 వరి వంగడం, ఇక్కడి పరిశోధన ఫలమే.

రేపల్లెలో రైలు పట్టా ఆగిపోతుంది. అవతల కృష్ణ, లంక గ్రామాలు. దిగువన నిజాంపట్నం రేవు. బాపట్లకు నేరుగా రైలు లేదు. రైల్లో తమ జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే రేపల్లెవాసులు పక్క జిల్లాలోని తెనాలి వెళ్లి బండి మారాలి. గీతలు మారినంత సులువుగా దారులు మారవు.

అయితే ఈ విభజనలో ఒక మేలు ఉంది. డెల్టాకు సంబంధించిన జిల్లా స్థాయి నిర్ణయాలు ఇంతకాలం ఎగువన, గుంటూరులో జరిగేవి. ఇప్పుడు అధికారం శివారుకు వచ్చి కూర్చుంది. సాగునీరు అందరి పొలాలూ తడిశాక చివర్లో అందేది ఇక్కడికే. వానాకాలంలో పైనున్న మురుగంతా వచ్చి పడేదీ ఇక్కడికే. సముద్రం పోటు మీదున్నప్పుడు నల్లమడ, రొంపేరు వంటి డ్రెయిన్లు నీటిని బయటికి వదలలేవు. పూడిక, గుర్రపుడెక్క తోడైతే మురుగు ఎగదన్ని చేలల్లో నిలిచిపోతుంది. నాలుగు రోజులు మునిగితే వరి కుళ్లుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటి, చేతికొచ్చిన పంటను నీళ్లపాలు చేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలు మునిగాయి.

కాబట్టి బాపట్ల తెనాలితో పోటీపడి బజార్లు పెంచుకోనక్కర్లేదు. శివారు కష్టం తెలిసిన కేంద్రంగా ఎదగాలి. ఏటా తొలకరికి ముందే డ్రెయిన్ల పూడిక తీత ముగియాలి. కృష్ణ కరకట్ట బలహీనంగా ఉన్నచోట్ల వరద వచ్చాక ఇసుక బస్తాలు వేయడం కాదు, వేసవిలోనే పటిష్ఠం చేయాలి. కొత్త కార్యాలయాల కోసం, లేఅవుట్ల కోసం పల్లపు నేలలు మెరకచేసి నీటి దారి మూయకూడదు. తీర పొలాలను వేధించే ఉప్పునీటి సమస్యపై దశాబ్దాలుగా పనిచేస్తున్న శాస్త్రవేత్తలు బాపట్లలోనే ఉన్నారు. వారిని కలెక్టరేట్ సమీక్షల్లో కూర్చోబెట్టాలి. 216వ జాతీయ రహదారి మీద రేపల్లె, బాపట్ల మధ్య బస్సులు రైలు లేని లోటు తీర్చాలి.

భవనాలు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. రేపల్లె శివారు రైతు పొలానికి నీరు సమయానికి ఎక్కి, మురుగు సమయానికి దిగిందా అన్నదే ఈ జిల్లాకు అసలు పరీక్ష. అందులో నెగ్గితే బాపట్ల పెద్దరికాన్ని ఎవరూ ప్రశ్నించరు.