జలుబే కదా అనుకుని వార్డుకు రావొద్దు

విరేచనాలతో చేరిన ఐదు నెలల పాప నాలుగో రోజుకు తేరుకుంది. మర్నాడు ఇంటికి పంపిద్దామనుకున్నాం. ఆ రాత్రే ముక్కు కారడం మొదలైంది. మరో రెండు రోజులకు పాలు తాగలేక, డొక్కలు ఎగరేస్తూ ఆక్సిజన్ మీదకు వెళ్లింది. ఒక జబ్బు తగ్గించి, ఇంకో జబ్బు మా దగ్గరే అంటించామన్నమాట. పిల్లల వార్డులో పనిచేసే ఏ డాక్టరుకూ ఇది కొత్త కాదు. తల్లిదండ్రులకు మాత్రం ‘వాతావరణం మారింది కదమ్మా’ అని సర్దిచెబుతుంటాం. మారింది వాతావరణం కాదు, ఎవరిదో చెయ్యి శుభ్రంగా లేదు.

వానాకాలం చివర్లో, చలికాలంలో ఎక్కువగా కనిపించే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ పెద్దలకు సోకితే మామూలు జలుబులాగే ఉంటుంది. అదే వైరస్ ఆరు నెలల లోపు పిల్లల్లో ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల దాకా దిగి ఆయాసం తెస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవారికి, గుండెలో లోపం ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. దీనికి యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఆక్సిజన్, తగినన్ని పాలు లేదా సెలైన్ అందిస్తూ బిడ్డ గట్టెక్కేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అందుకే అంటకుండా చూసుకోవడం అంత ముఖ్యం.

ఇది ఎలా అంటుతుందో అమెరికాలో కరోలిన్ హాల్ అనే డాక్టర్ పరీక్షించి చూశారు. ఫలితాలు 1981లో వచ్చాయి. ఆర్‌ఎస్‌వీ ఉన్న బిడ్డను ఎత్తుకుని ఆడించిన ఏడుగురిలో ఐదుగురికి అంటింది. బిడ్డ లేనప్పుడు ఆ గదిలోని వస్తువులను తాకి, ఆ చేత్తో తమ ముక్కు, కళ్లు ముట్టుకున్న పదిమందిలో నలుగురికి అంటింది. ఆరడుగులకు పైగా దూరంలో ఊరికే కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ అంటలేదు. మంచం కమ్మీ, పాలసీసా, సెల్‌ఫోన్, మా మెడలోని స్టెతస్కోప్... గట్టి వస్తువుల మీద ఈ వైరస్ కొన్ని గంటలు బతికి ఉంటుంది.

అన్ని వైరస్‌లూ ఇలా ఉండవు. తట్టు ఉన్న బిడ్డ వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉండగలదు. చేతులు ఎంత కడిగినా దాన్ని ఆపలేం. జ్వరం, ఒంటిమీద దద్దుర్లతో వచ్చిన బిడ్డను ఓపీ క్యూలో నిలబెట్టకుండా గుమ్మం దగ్గరే పక్కకు తీసుకెళ్లాలి. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఏసీ కోసం కిటికీలన్నీ మూసేసి, దగ్గుతున్న పిల్లలనూ టీకాలకు వచ్చిన పసికందులనూ ఒకే హాల్లో, ఒకే బొమ్మల బుట్ట ముందు కూర్చోబెడుతుంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నాకైతే భయమేస్తుంది.

మా తప్పులూ చెప్పాలి. సీజన్‌లో ఒకే మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెడతాం. కుళాయి ఉన్నచోట సబ్బుండదు. జలుబు చేసిన నర్సుకు సెలవు దొరకదు. నేనూ మాస్కు లేకుండా ముక్కు చీదుకుంటూ రౌండ్లకు వెళ్లి, సెలవు పెట్టలేదని గొప్పగా చెప్పుకున్నవాడినే. మంచానికో శానిటైజర్ సీసా, బిడ్డకో నెబ్యులైజర్ మాస్కు, సిబ్బందికి ఏటా ఫ్లూ టీకా, జలుబు చేసినవాళ్లకు పిల్లల దగ్గర కాకుండా వేరే పని... వీటికి కోట్లు అక్కర్లేదు. కొత్త భవనాల శంకుస్థాపనకున్నంత ఆకర్షణ సబ్బుకు లేదు, అదే చిక్కు.

ఇక మీ వంతు. పరామర్శకు వెళ్లకపోతే ఏమనుకుంటారో అన్న మొహమాటంతో మనవాళ్లు కారు నిండా వస్తారు. అందులో ఒకరికి జలుబు ఉండనే ఉంటుంది. వచ్చినవాళ్లు పక్క మంచం బిడ్డ బుగ్గ కూడా నిమిరి వెళ్తారు. బిడ్డ దగ్గర తల్లి, తోడుగా ఇంకొకరు చాలు. మిగతావాళ్లు వీడియో కాల్‌లో పలకరించొచ్చు. తల్లికే జలుబు చేస్తే బిడ్డను దూరం పెట్టక్కర్లేదు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వాలి.

మొన్న ఒక తాతగారిని తుమ్ముతున్నారని తలుపు దగ్గరే ఆపేశాం. ఆయనకు చాలా కోపం వచ్చింది. ‘నన్ను ఆపారు సరే, మీరు చేతులు కడుక్కున్నారా డాక్టరు గారూ?’ అని అడిగారు. కడుక్కోలేదు. వెనక్కి వెళ్లి కడుక్కుని వచ్చాను. మీరూ అలాగే అడగండి.