పడవ నడపువానికి పరీక్ష వలదా?

2023 ఫిబ్రవరి 26వ తేదీ ఆదివారమున నెల్లూరు జిల్లా పొదలకూరు మండలము తోడేరు గ్రామములో పదిమంది యువకులు పడవ యెక్కి చెఱువులో విహారమునకు బోయిరి. పడవ తలక్రిందయ్యెను. నలుగురు ఈది గట్టు జేరిరి. ఆఱుగురు నీట మునిగి మరణించిరి. అది వరదతో పొంగు గోదావరి కాదు, తుపాను రేగిన సముద్రము కాదు; ఊరి చెఱువు. చేతికంది వచ్చిన కొడుకులను ఒక్కదినమున పోగొట్టుకొన్న తల్లిదండ్రులను ఓదార్చుట యెవరి తరము? కాని లోకము విచారింపవలసిన విషయ మొకటి గలదు. మోటారుబండి తోలువాడు లైసెన్సు పొందితీరవలెనని శాసించిన మనము, పది ప్రాణములను నీటిమీదికి గొనిపోవువానిని మాత్రము ‘నీకేమి తెలియును?’ అని యడుగుట లేదు.

ఈ ప్రశ్న ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములవారికి మఱింత ముఖ్యమైనది. ఇది మెట్టసీమ. వానకై మబ్బును, పైరుకై చెఱువును కనిపెట్టుకొని బ్రదికిన సీమ. నీరు లేని బాధ తెలిసినంతగా నీరు నిండిన యపాయము ఇచ్చటివారికి తెలియదు. గత శతాబ్దపు ఉత్తరార్ధమున అనంతసాగరము మండలములో పెన్నకు అడ్డముగా సోమశిల యానకట్ట లేచినది. నిండినప్పుడు 78 టి.యం.సి.ల నీరు అచట నిలిచి వెనుకకు కడపసీమదాక వ్యాపించును. ఉదయగిరివారికి గండిపాళెము జలాశయము గలదు. గోదావరి లంకలవారికి తాతముత్తాతలనుండి వచ్చిన నీటివిద్య యీ క్రొత్తనీటి యొడ్డువారికి వారసత్వముగా రాలేదు. 2021 నవంబరులో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ వరద పెన్నలో గలసి సోమశిలమీదికి విరుచుకుపడెను. నిన్న నిలుకడగా నున్న నీరు నేడును అట్లే యుండునని నమ్మరాదు.

రాష్ట్రములో జరిగిన ఘోరములు స్వల్పములా? 2017 నవంబరు 12న విజయవాడ చెంత పవిత్రసంగమమువద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మృతినొందిరి. వారిలో ఒంగోలునుండి వచ్చినవారే యధికులు. యాత్రికులను ఎక్కించుకొనుటకు ఆ పడవకు అనుమతియే లేదు. 2018 మే 15న గోదావరిలో మంటూరు చెంత ఈదురుగాలికి లాంచి మునిగినది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద వరద గోదావరిలో విహారనౌక మునిగి సుమారు 50 మంది ప్రాణములు గోల్పోయిరి. ఇట్టి దుర్ఘటన జరిగిన ప్రతి పర్యాయమును మనకు అనుమతి పత్రములు జ్ఞాపకము వచ్చును. పడవకు అనుమతి యున్నదా, ఇంజను సరిగా నున్నదా యను ప్రశ్నలు అవసరములే. కాని గాలి లేచినప్పుడు పడవను ఒడ్డునకు మరలింపవలెనా, ముందుకు నడుపవలెనా యని నిర్ణయించునది పత్రము కాదు, సరంగు.

చట్టము లేకపోలేదు. 1917 నాటి ఆవిరిపడవల చట్టమే సరంగునకును ఇంజను నడపువానికిని యోగ్యతాపత్రము కావలెనన్నది. దాని స్థానమున 2021లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. యంత్రపు పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ, భీమా కావలెననియు, నడపువారికి యోగ్యతాపత్రము ఉండవలెననియు అది విధించుచున్నది. యంత్రము లేని పడవల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించుటకును అది వీలు కల్పించినది. ఇక లోపమెక్కడ? చట్టము ఢిల్లీలో నున్నది. పుట్టియు తెప్పయు చెఱువులో నున్నవి. ఈ రెంటినడుమ వంతెన వేయువాడు లేడు.

‘పుట్టినది మొదలు నీటిలో నుండు జాలరికి పాఠములు చెప్పుటేమి?’ అని కొందఱందురు. జాలరి నేర్పును మేము తక్కువ చేయము. కాని చేపలు పట్టుట యొక విద్య, మనుష్యులను త్రిప్పుట వేఱొక విద్య. జాలరి పడవలో వలయు చేపలును అడుగున నుండును. అందలి యిద్దఱు ముగ్గురును పడవ కదలిక నెఱిగినవారు. విహారమునకు వచ్చినవాడు ఫోటో కొఱకు లేచి నిలుచును. వానిని జూచి తక్కినవారు ఆ ప్రక్కకే జరుగుదురు. బరువు పైకెక్కును, పడవ యొరగును, అంచుమీదుగా నీరు చొచ్చును. ఇంతలో అంతయు ముగియును. 2024 జనవరి 18న వడోదర నగరములోని హరణి చెఱువున పండ్రెండుగురు విద్యార్థులును ఇద్దఱు ఉపాధ్యాయినులును పడవ బోల్తాపడి మరణించిరి. అదియు నిలిచిన నీరే.

కెనడా దేశమువారు 1999లో నియమము చేసి, దానిని క్రమక్రమముగా వ్యాపింపజేసి, 2009 సెప్టెంబరునుండి సొంత యంత్రపుపడవలో విహరించు ప్రతివాడును పరీక్ష నెగ్గి పత్రము పొందవలెననిరి. పదేండ్ల గడువిచ్చిరి కనుక ప్రజలకు భారము కాలేదు. మన దేశములోను అంతర్దేశీయ నౌకాయానమును నేర్పు జాతీయ సంస్థ పాట్నాలో నున్నది. అయితే సోమశిల జాలరి పాట్నాకు పోజాలడు. పాఠమే సోమశిలకు రావలెను.

మా సూచన లివి. సోమశిల, గండిపాళెములవద్ద ఏటేట తొలకరికి ముందు కొలది దినముల శిక్షణ యుచితముగా జరుపవలెను. పాఠము తెలుగులో నుండవలెను. చదువురానివానికి పరీక్ష నోటిమాటగాను, నీటిమీదను జరుగవలెను. ఎందఱిని ఎక్కించవచ్చును, గాలికి ఎప్పుడు మరలవలెను, మునుగువాని నెట్లు తీయవలెను, రక్షణచొక్కా నెట్లు కట్టవలెను: ఇవి చాలును. ప్రతి పడవమీదను మోయదగిన మనుష్యుల సంఖ్యను పెద్దయక్షరములతో వ్రాయవలెను. పంచాయతి వద్ద పడవల పట్టిక యుండవలెను. లైసెన్సు పేర లంచము పుట్టరాదు. జాలరి కూడు పోరాదు. పరీక్ష నెగ్గిన జాలరికే విహారపు పడవలు నడపు హక్కులో మొదటి పాలు ఇచ్చినచో, నియమము వానికి సంకెల గాక జీవనోపాధి యగును.

ప్రభుత్వముతోనే పని తీఱదు. చెఱువును పాటకు పాడుకొనువారును, పాటకిచ్చు పెద్దలును పడవను రాత్రివేళ గొలుసువేసి తాళము పెట్టించిన నెంత వ్యయమగును? కార్తికమాసమున కుటుంబముతో విహారమునకు బోవు పట్టణవాసి రక్షణచొక్కా లేని పడవ నెక్కనని ఒక్కమాట యనిన సరంగునకు బుద్ధి రాదా? అధికారి యడుగకున్నను ఎక్కువా డడుగవలెను. తోడేరు ఆఱుగురిని మనము తిరిగి తేలేము. ఏడవవాడు పోకుండ జూచుట మన చేతిలో నున్నది.