గోడ కట్టే ముందు నీళ్ళకు దారి చూపించండి



ఈ వీడియోలో మీరు చూసే రాతికట్టు మా దొడ్డిలోది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, నల్లమల కింది వాలులో ఉంటుంది మా నేల. నలభై అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు, సిమెంట్ చుక్క లేదు. చూసినవాళ్ళంతా "భలే కట్టినావే అన్నా" అంటున్నారు. కానీ ఇది మేం మొదట కట్టిన గోడ కాదు. మొదట కట్టింది పడిపోయింది. పడిన గోడ సంగతి దాచిపెట్టి నిలబడిన గోడ ఒక్కటే చూపిస్తే మీకు అబద్ధం చెప్పినట్టే.

విదేశాల్లో పెరటి వాలుకు బ్లాకులు పేర్చి రెండు రోజుల్లో గోడ లేపే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నేనూ చూసినా. ఆ ఏడు శనగలు అమ్మిన డబ్బులో సగం పెట్టి సిమెంట్ బ్లాకులు తెచ్చి, ఒక బేల్దారిని పెట్టుకుని, నాలుగున్నర అడుగుల గోడ కట్టినాం. వెనక తవ్విన మట్టే వెనక్కి నింపినాం. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏడు సెప్టెంబర్‌లో రెండు రాత్రులు వదలకుండా వాన కొట్టింది. మూడో రోజు పొద్దునకు నడుమ భాగం కడుపు ఉబ్బినట్టు ఉబ్బి, ముందుకు పడింది. ఆరు నిమ్మ చెట్లు, మూడేళ్ళు జీవామృతం పోసి తయారు చేసుకున్న మట్టి, అన్నీ వంకలోకి పోయినాయి. రోజూ ఆ గోడ నీడలోనే దూడను కట్టేసేవాళ్ళం. వాన అని ఆ రాత్రి కొట్టంలోకి మార్చినాం కాబట్టి బతికింది.

బేల్దారి తప్పు కాదు, సిమెంట్ తప్పూ కాదు. తప్పు నాది. మట్టిని ఆపాలని చూసినానే గానీ నీళ్ళు ఎక్కడికి పోవాలో ఆలోచన చేయలేదు.

లెక్క చూడండి. నాలుగు అడుగుల గోడ వెనక గరుసు మట్టి పొడిగా ఉంటే, ఒక్కో మీటరు పొడవు మీద సుమారు 400 కిలోల తోపు ఉంటుంది. అదే మట్టిలో పైదాకా నీళ్ళు నిండి బయటికి దారి లేకపోతే ఆ తోపు సుమారు 900 కిలోలు దాటుతుంది. ఇంకో సంగతి. రెండు అడుగుల గోడను నాలుగు అడుగులు చేస్తే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గోడను బోర్లా పడేసే బలమైతే ఎనిమిదింతలు. అందుకే ఎత్తు పెంచే ముందు పదిసార్లు ఆలోచించమంటున్నా.

మన పెద్దోళ్ళకు ఇది తెలియని సంగతి కాదు. నల్లమల అవతల కంభం చెరువు విజయనగర కాలం నాటిది, ఇప్పటికీ నిలబడి ఉంది. కట్ట ఎంత గట్టిదైనా అలుగు లేకుండా ఏ చెరువూ కట్టలేదు వాళ్ళు. మరి మనం దొడ్డిలో కట్టే గోడకు అలుగు ఎందుకు మర్చిపోతున్నాం?

ఆ విదేశీ వీడియోల్లో మనం గమనించని విషయాలు రెండున్నాయి. వాళ్ళు వాడే బ్లాకులు ఇలాంటి గోడల కోసమే చేసినవి. చాలావాటికి వెనక అంచున చిన్న పెదవి ఉంటుంది. అది కింది వరుసను పట్టుకుని, పైవరుసను కొంచెం వెనక్కి జరుపుతుంది. మన దగ్గర దొరికే బ్లాకులు ఇంటి గోడలకు చేసినవి, వాటికి ఆ పట్టు లేదు. రెండోది, వాళ్ళు గోడ వెనక అడుగు వెడల్పున కంకర నింపి, అడుగున బొక్కల పైపు వేస్తారు. వీడియోలో అది అర నిమిషం కూడా కనపడదు. గోడను నిలబెట్టేది మాత్రం ఆ అర నిమిషం పనే.

నేలను బట్టి కూడా పని మారుతుంది. మా నల్లమల అంచున ఎక్కువగా ఎర్ర గరుసు నేలలు, నీళ్ళు ఇంకిపోతాయి. నంద్యాల వైపు కుందూ పరీవాహకంలో నల్లరేగడి. చేలు సాఫుగానే ఉన్నా, ఇంటి స్థలం మెరక చేసుకున్న చోట, కాలవ గట్టు పక్కన గోడ అవసరం పడుతుంది. రేగడి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వానకు ఉబ్బుడు. ఆ ఉబ్బుడు గోడను తోస్తుంది, పునాదినీ కదిలిస్తుంది. అందుకని రేగడిలో గోడ వెనక కనీసం అడుగున్నర వెడల్పు రేగడి తీసేసి కంకర, గరుసు నింపాల్సిందే. 2019 సెప్టెంబర్ వానలకు కుందూ పొంగి, మహానంది గుడి ఆవరణలోకే నీళ్ళు వచ్చినాయి. అలాంటి వాన మళ్ళీ రాదనుకుని గోడ కట్టకూడదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకు గోడ అనేది ఆఖరి పని. ముందు నేల మీద ఆచ్ఛాదన ఉండాలి. ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చని పంట ఉండాలి. వాలుకు అడ్డంగా, పైభాగంలో కందకం తీసి వాన నీళ్ళను పక్కకు మళ్ళించాలి. గట్ల మీద వట్టివేరు, నిమ్మగడ్డి, గిరిపుష్పం పెట్టాలి. ఇవన్నీ చేసినాక కూడా మట్టి జారుతుంటే అప్పుడు గోడ. అది కూడా ఒక్క ఎత్తైన గోడ కాదు, మెట్లు మెట్లుగా చిన్న గోడలు. రెండు గోడల నడుమ, కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం వదలండి. ఆ మెట్టు మీదే కూరగాయలు, కరివేపాకు వేసుకోవచ్చు. వేప, రావి లాంటి పెద్ద చెట్లు మాత్రం గోడ దగ్గర వద్దు.

మేం రెండోసారి ఎట్లా కట్టినామో చెప్తా. లెవల్ పైపుతో వాలుకు అడ్డంగా గీత గీసి, అడుగు లోతు తవ్వి, దిమ్మిసతో గట్టిగా కొట్టినాం. మొదటి వరుసకు అన్నిటికంటే పెద్ద రాళ్ళు పెట్టి, వాటిని నేలలోకి దించినాం. గోడ అడుగు వెడల్పు, ఎత్తులో సగం కంటే ఎక్కువే. ప్రతి అడుగు ఎత్తుకు రెండు అంగుళాలు కొండవైపు వాల్చుకుంటూ పోయినాం. కింది వరుస సందు మీద పైరాయి నడుమ పడాలి, సందు మీద సందు రాకూడదు. మూడు నాలుగు అడుగులకు ఒక పొడుగు రాయి గోడ మందమంతా లోపలికి పోయేట్టు పెట్టినాం. వెనక అడుగు మందం కంకర, దాని వెనక గరుసు. మట్టిని ఆరంగుళాల పొరలుగా వేసి కొట్టినాం.

రాయికి మనకు కొదవ లేదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనుల దగ్గర పనికిరాదని పక్కన పడేసిన ముక్కలు కుప్పలుగా ఉంటాయి. బల్లపరుపు రాయి కాబట్టి పేర్చడం తేలిక. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చెక్కగా మిగిలిన ముక్కలు సందుల్లోకి పనికొస్తాయి. అడిగి, మాట్లాడుకుని తెచ్చుకోండి.

సిమెంట్ బ్లాకులు ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ళు పారేయమని నేను అనను. మూడు అడుగులు దాటకుండా కట్టండి. వెనక కంకర వేయండి. కింది వరుసలో నాలుగైదు అడుగులకొక బొక్క వదలండి. మూడు అడుగులు దాటితే, లేదా పైన ఇల్లు, రోడ్డు, నీళ్ళ ట్యాంకు ఉంటే సొంత పని వద్దు, ఇంజనీరును పిలవండి. అక్కడ పడితే పోయేది నిమ్మ చెట్లు కాదు, మనుషులు.

"రాతికట్టులో పాములు చేరతాయి కదా" అని చాలామంది అడుగుతున్నారు. చేరతాయి, నిజమే. చిన్న రాళ్ళతో సందులు బిగించండి, గోడ మొదట్లో గడ్డి, చెత్త పేరుకోకుండా చూడండి, చీకట్లో లైటు లేకుండా పోవద్దు. "శ్రమ ఎక్కువ" అంటారు. అదీ నిజమే. మాకు నలుగురికి తొమ్మిది రోజులు పట్టింది. కానీ ఈ గోడలో ఎక్కడన్నా రాయి జారితే మా ఆవిడా నేనూ గంటలో సర్దుకుంటాం. సిమెంట్ గోడ పగిలితే మళ్ళీ అప్పే.

ఇది పేదోళ్ళ పని అని చిన్నచూపు చూడకండి. సిమెంట్, సున్నం లేకుండా రాయి పేర్చే విద్యను 2018లో యునెస్కో ఎనిమిది యూరప్ దేశాల పేరున సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఊళ్ళలో ఆ పని తెలిసిన పెద్దోళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను దొడ్డికి పిలిచి, పక్కన కూర్చుని నేర్చుకుందాం. వాళ్ళు పోయినాక ఏ వీడియో చూసినా ఆ చేతివాటం రాదు.

చివరగా ఒక్క మాట. ఈసారి పెద్ద వాన వెలిసిన పొద్దున మీ గోడ దగ్గరికి పోయి చూడండి. కింద నుంచి నీళ్ళు కారుతుంటే భయం లేదు. వెనక మట్టి బురదై, ముందు గోడ పొడిగా ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. మనుషుల్ని, పశువుల్ని గోడ ముందు నుంచి పక్కకు తీసేయండి. పైనుంచి వచ్చే నీళ్ళను ముందు మళ్ళించండి. తర్వాతే మిగతా పని.